జామ తోటలో తెల్ల పురుగులు

తిరుపతి కాలేజీలో పిల్లలకు జంతుశాస్త్రం చెప్పడం ఒక ఎత్తు, సత్యవేడు దగ్గర ఊళ్ళో ఉండే మా నాయనకు ఫోనులో పురుగుల పేర్లు చెప్పడం ఒక్కటే ఒక ఎత్తు. పొద్దున్నే నేను కుక్కర్ పెట్టే వేళకే వీడియో కాల్ వస్తుంది. ముందు ఆయన చెవి కనిపిస్తుంది, తర్వాత ఆకాశం, ఆ తర్వాత మసగ్గా ఏదో చుక్క.

"ఇదేం పురుగో సూడు పాపా."

"కనపడలేదు నాయనా. కాళ్ళెన్ని ఉండాయో లెక్కపెట్టు."

"నలిపేసినా కదమ్మా, ఇంక యాడ లెక్కపెట్టేది?"

ఎన్నిసార్లు చెప్పాలి ఈ మనిషికి! ఆరు కాళ్ళుంటే పురుగు, ఎనిమిదుంటే సాలీడు. సాలీడుకు రెక్కలుండవు, మీసాలుండవు, తోటలో ఉంటే మనకే మంచిది, చంపొద్దు. ఆయన మాత్రం ముందు చెప్పుతో కొట్టి తర్వాత పేరడుగుతాడు. నా ప్రాణానికి వచ్చాడని విసుక్కుంటాను గానీ ఫోను పెట్టేయలేను. ఆ ముప్పై జామ చెట్లను బిందెలతో నీళ్ళు మోసి పెంచాడు. పోయినేడు కాపంతా పాడైంది. ఈసారీ పోతే చెట్లు కొట్టేసి జామాయిల్ నాటుతానని మా అన్న తేల్చి చెప్పేశాడు.

ఒకరోజు రెమ్మల మీద దూది అంటినట్టున్న తెల్ల పురుగుల్ని చూపించాడు. పిండినల్లి, మందు కొట్టు అని ఒక్క చూపుకే చెప్పేశాను.

"ఆగు పాపా. వీటిల్లో కొన్ని పెద్దవి ఉండాయి. చకచకా నడస్తా ఉండాయి. పక్కన ఉండే చిన్నవాటిని తింటా ఉన్నట్టుండాది."

ఒక పక్క క్లాసుకు టైమవుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పిండినల్లి పిండినల్లిని తింటాదా? పాఠాలు చెప్పేది నేనా, నువ్వా? చెప్పింది చెయ్యి నాయనా!"

"సరేలేమ్మా" అన్నాడు.

రెండు వారాల తర్వాత ఊరికి వెళ్ళాను. లేత చిగుళ్ళ నిండా, పిందెల తొడిమల నిండా పిండినల్లే. మందు కొట్టాక తగ్గకపోగా ఇంతకింత పెరిగింది. చెట్ల కింద ఆకుల మీద మాత్రం ఆ పెద్ద తెల్ల పురుగులు చచ్చి ఎండిపోయి ఉన్నాయి. ఒకదాన్ని అరచేతిలో వేసుకుని, పైనున్న తెల్ల మైనం గోటితో గీకి, ఫోను కెమెరాలో పెద్దది చేసి చూశాను. పొడుగ్గా ఆరు కాళ్ళు, ముందు కొరికే దవడలు. పిండినల్లికి దవడలెక్కడివి, దానికుండేది రసం పీల్చే సన్నటి ముక్కే. ఇది అక్షింతల పురుగు, అదే లేడీబర్డ్, దాని పిల్ల. పిండినల్లిలాగే తెల్లగా కనిపిస్తూ, దాన్నే తిని బతుకుతుంది. మందుకు ఇవి చచ్చాయి, చిగుళ్ళ సందుల్లో దాక్కున్న పిండినల్లి మిగిలి, తినేవి లేక పెరిగిపోయింది. ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పే పాఠం. నా చదువు తగలెయ్య!

"నాయనా, ఇవి మన తోటను కాపాడతా ఉండిన పురుగులు. నేనే చంపించినా."

ఆయన నా అరచేతిలోని పురుగును వేలితో తిప్పి చూశాడు.

"తినేది కండ్లారా సూసినా పాపా. సదువుకున్నదానివి నువ్వే కాదంటే, నా కండ్లే సరిగా లేవేమో అనుకున్నా."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన తలగుడ్డ తీసి దులిపి భుజాన వేసుకున్నాడు.

"మందు నేనే తప్పుగా కొట్టినానని మీ అన్నతో చెప్పినా. నువ్వు నోరెత్తొద్దు. చెట్లు కొట్టేవాళ్ళు రేపొస్తారు."