దేవమ్మత్త నేర్పిన ఈత

ఎండాకాలమంతా నెర్రెలిచ్చి పడి ఉన్న కాలవకు ఈ ఉదయం నీళ్లొచ్చాయి. ఆసుపత్రి వరండాలో నిలబడి ఉంటే, నీళ్లు కంటికి కనబడక ముందే వాసన వచ్చింది. ఎండిన బురద, రాలిన తుమ్మకాయలు, మాడిపోయిన నాచు ఒక్కసారిగా తడిసినప్పటి వాసన. ఇక్కడ కడపలో ఉన్నవాళ్లకు అది వరిమళ్లను గుర్తుచేస్తుందట. నాకు కర్నూల్లో మా పేట గుర్తొస్తుంది. ఈ కాలవ అక్కడి నుంచే వస్తుంది. మేము పుట్టిపెరిగిన ఇళ్ల వెనక నుంచి, పత్తిమిల్లు గోడ పక్క నుంచి పారి, ఇంత దూరం వచ్చి ఇక్కడికి చేరుతుంది. ఆ పేట గుర్తొస్తే దానితోపాటు ఒక మనిషి కూడా గుర్తొస్తుంది. ఆవిడ పేరు దేవమ్మ. మేము దేవమ్మత్త అనేవాళ్లం. ఆవిడను ఎన్నడూ చూడని మీకు ఆవిడ సంగతి చెప్పాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

మా పేట ఊరికి వెలుపల ఉండేది. మిల్లు వచ్చాక పుట్టిన పేట కాబట్టి దాన్ని అందరూ మిల్లుపేట అనేవాళ్లు. నాలుగు మట్టిమిద్దెలు, మిగతావన్నీ బోదగడ్డి కప్పిన కొట్టాలు. మిల్లు కూత కూస్తే పేట లేచేది, మళ్లీ కూస్తే అన్నానికి కూర్చునేది. మా నాయన పత్తి మూటలు మోసేవాడు. మా అమ్మ గింజ తీసే మరల దగ్గర పనిచేసేది. సాయంత్రం ఇంటికొచ్చిన పెద్దవాళ్ల తలలు, కనుబొమలు పత్తి నుసితో తెల్లగా ఉండేవి. చిన్నప్పుడు ఎవరైనా నల్లటి జుట్టుతో పేటలోకి వస్తే ఊరివాళ్లని తెలిసిపోయేది. మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గరికి జొన్నరొట్టెలు, ఊరుబిండి పచ్చడి మోసుకుపోయేది మేమే. నేనూ, పక్కింటి మాబున్నీ. మాబున్ని వాళ్ల నాయన ఖాసీం జట్కా తోలేవాడు. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడకు చిన్న కంత ఉండేది. అందులోంచి నిప్పు, చింతపండు, కబుర్లు అటూ ఇటూ పోయేవి. మిల్లు వెనక పారబోసిన పత్తిగింజలు మేకల కోసం ఏరుకోవడం, కావలివాడు తరుముకొస్తే కాలవగట్టు మీద పరుగెత్తడం, ఇదీ మా బాల్యం. లేనివాళ్లమని మాకు తెలియదు. పేటలో అందరూ అంతే కాబట్టి.

దేవమ్మత్త ఇల్లు పేట చివర, కాలవకు అందరికంటే దగ్గర. ఆవిడ పుట్టింది తుంగభద్ర ఒడ్డు పల్లెలో. వాళ్ల నాయన పుట్టి నడిపేవాడు. పుట్టి అంటే వెదురుతో అల్లి, తోలు కప్పిన గుండ్రటి పడవ. నది దాటే జనాన్ని అందులో కూర్చోబెట్టుకుని తెడ్డు వేసేవాడాయన. కొడుకులు లేకపోవడంతో ఆ తెడ్డు కూతురి చేతికి వచ్చింది. పెళ్లయి మిల్లుపేటకు వచ్చింది. భర్త తొందరగానే పోయాడు. పిల్లలు లేరు. మిల్లులో మా అమ్మ పక్క మర దగ్గరే ఆవిడ పని. మనిషి పొడగరి, భుజాలు మగవాడి భుజాల్లా వెడల్పు. ఆదివారం చర్చిలో పాట పాడితే ఆవిడ గొంతు మాత్రం వేరే దారిలో పోయేది. పాదిరిగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయేవారు. "దేవునికి నా గొంతు తెలుసులేప్పా, ఆయనేమీ అనుకోడు" అని ఇంకా గట్టిగా పాడేది.

మాబున్నికి హసీనా అని ఒక అక్క ఉండేది. మాకంటే నాలుగైదేళ్లు పెద్దది. మా ఇద్దరికీ జడలు వేసేది. ఒకనాడు మధ్యాహ్నం కాలవలో బట్టలు ఉతుకుతూ కాలు జారింది. గట్టు మీద ఎంతోమంది ఆడవాళ్లున్నారు. చీర విసిరారు, అరిచారు, గుండెలు బాదుకున్నారు. నీళ్లలోకి దిగగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. నేనూ మాబున్నీ చేతులు పట్టుకుని చూస్తూ నిలబడ్డాం. ఎవరో వంతెన మీదుగా అవతలి గట్టున ఉన్న మిల్లుకు పరుగెత్తి చెబితే దేవమ్మత్త వచ్చింది. వచ్చినది వచ్చినట్టే దూకింది. చాలా కిందికి కొట్టుకుపోయిన హసీనాను పైకి తెచ్చింది. అప్పటికే అంతా అయిపోయింది. పిల్లను గట్టు మీద పడుకోబెట్టి, తడిచీరతోనే పక్కన కూర్చుని, ఆ పిల్ల మొహం మీద అతుక్కున్న వెంట్రుకలను ఒక్కొక్కటిగా పక్కకు తీసింది. ఖాసీం జట్కా వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఆ తర్వాత పేటలో ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. ఆడపిల్లలు కాలవ ఛాయలకు పోగూడదు.  కొన్నాళ్లకు ఒక ఆదివారం దేవమ్మత్త చర్చి నుంచి నేరుగా ఖాసీం ఇంటికి వచ్చింది. గోడ కంతలోంచి నేను అంతా విన్నాను.

"ఖాసీమన్నా, మాబున్నిని నాతో పంపు. ఈత నేర్పుతా."

 "ఒకదాన్ని తినింది ఆ కాలవ. ఇంకోదాన్ని కూడా ఇయ్యమంటావా దేవమ్మా?" అన్నాడు ఖాసీం.

"ఇయ్యకుండా ఉండేదానికే అడుగుతాండా. నీళ్లకాడికి పోవద్దంటాండారు అందరూ. సరే. రేపు నీ ఇంట్లోకి నీళ్లు ఎవురు తెస్తారు? బట్టలు ఎవురు ఉతుకుతారు? నువ్వు ఉతుకుతావా?"

 జవాబిచ్చింది మాబున్ని వాళ్లమ్మ. బిడ్డ పోయినప్పటి నుంచి ఆవిడ నోరు విప్పడమే అరుదు. లోపలి నుంచి వచ్చి, మాబున్ని చెయ్యి పట్టి దేవమ్మత్త చేతిలో పెట్టింది. "నువ్వు దాని పక్కనే ఉండాల" అంది. అంతే.

మాబున్ని పోతుంటే నేను ఇంట్లో ఉండగలనా? మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఆడపిల్లలు పావడలు ఎగ్గట్టుకోని నీళ్లల్లో దూకితే రేపు వీళ్లను ఎవురు చేసుకుంటారక్కా?" అని అడిగింది.

"బతికుంటే గదా లక్షుమమ్మా, ఎవురన్నా చేసుకునేది" అంది దేవమ్మత్త.

అలా మొదలైంది. ఇద్దరం కాస్తా అయిదారుగురమయ్యాం. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక, పేటకు కొంచెం ఎగువన, తుమ్మచెట్ల మరుగున దిగేవాళ్లం. మునగకుండా తేలడానికి ఎండిన సొరబుర్రలు రెండేసి మా వీపులకు కట్టేది. ఎంతకాలం కట్టుకుంటే అంతకాలం కట్టనిచ్చింది. తొందరపెట్టలేదు. అరుపులకు మాత్రం కొదవ లేదు. "కాళ్లు కొట్టు, నోరు మూసుకో! నీళ్లు తాగేదానికి వచ్చినావా?" మాబున్ని మొదటి రోజు నీళ్లలో పాదం పెట్టి గట్టిగా ఏడ్చింది. దేవమ్మత్త ఆ పిల్లను ఒడిలో పెట్టుకుని, మెడదాకా నీళ్లలో అలాగే కూర్చుని, తన పల్లె కబుర్లు చెప్పింది. ఆరోజు ఈత లేదు. మరుసటి వారమూ లేదు. మూడో వారం మాబున్నే విసుగొచ్చి, "ఎంతసేపత్తా కూసునేది?" అని ఒడిలోంచి జారి కాళ్లు కొట్టింది. ఎండలు ముదిరి కాలవ ఎండిపోయేనాటికి మా అందరికంటే బాగా ఈదేది అదే.

పేటలో గుసగుసలు ఆగలేదు. మగవాళ్లు నవ్వేవాళ్లు, ముసలమ్మలు ముక్కు మీద వేలేసుకునేవాళ్లు. దేవమ్మత్త ఎవరితోనూ పోట్లాటకు దిగలేదు. సొరబుర్రలు మాత్రం తన ఇంటి వాసానికి అందరికీ కనబడేలా వేలాడదీసింది.

మాకు పదహారేళ్లు వచ్చిన ఏడు ముసురు పట్టింది. మా ప్రాంతంలో అంత వాన పడటం అరుదు. ఒక రోజు ఉదయం, పెద్దవాళ్లంతా మిల్లులో ఉండగా, పేటకు ఎగువన కాలవకు గండి పడింది. ఎర్రటి నీళ్లు సందుల్లోకి దూసుకొచ్చాయి. మిల్లు అవతలి గట్టు మీద, మెరకలో ఉంది. అక్కడి నుంచి రావాలంటే వంతెన దాకా చుట్టు తిరగాలి. పేటలో ఉన్నది పసిపిల్లలు, ముసలివాళ్లు, ఈత నేర్చిన మేమూ. నీళ్లు మోకాళ్లకు వచ్చేసరికి మాబున్ని నా వైపు చూసి, "బుర్రలు తెద్దాం పా" అంది. దేవమ్మత్త ఇంటి వాసానికున్నవన్నీ కోసుకొచ్చాం. పేటలో ఎత్తుగా ఉన్నది చర్చి ఒక్కటే, రాతి అరుగు మీద కట్టింది. పిల్లలను ఒక్కొక్కరిగా వీపున వేసుకుని అక్కడికి చేర్చడం మొదలుపెట్టాం. నడిచినంతసేపు నడిచాం, కాళ్లకు నేల తగలనప్పుడు ఈదాం. మాబున్ని వాళ్ల దాదీ, అంటే ఖాసీం తల్లి, మంచం పట్టిన మనిషి. ఆవిడను మోయడం మా వల్ల కాలేదు. మంచం కోళ్లకు సొరబుర్రలు కట్టి, మంచాన్నే తేల్చి, చెరొకపక్క పట్టుకుని ఈదుతూ తోశాం. దాదీ దారి పొడుగునా అల్లాను పిలుస్తూ, మధ్యమధ్యలో "మెల్లగా, పడేస్తారే నన్ను" అని మమ్మల్ని తిడుతూ వచ్చింది. మాకు భయమూ నవ్వూ కలిసి వచ్చాయి. వెనక ఒక్కొక్క కొట్టమూ నానిపోయి కూలిపోతోంది.

మగవాళ్లు వంతెన చుట్టి వచ్చేలోపే దేవమ్మత్త వచ్చింది. కాలవను అడ్డంగా ఈదుకుంటూ వచ్చింది. చర్చి మెట్ల మీద చెయ్యి ఆనించి నిలబడి, "అందరూ ఉండారా?" అని అడిగింది.

"ఉండారత్తా. దాదీ కూడా ఉండాది."

లోపలికి పోయి, ప్రతి పిల్ల తలా తడిమి చూసింది. తర్వాత మాబున్ని దగ్గరికి వచ్చి ఒక్క అరుపు అరిచింది. "జుట్టు ముడెయ్యకుండా నీళ్లల్లోకి దిగినావా? కంపకు తగులుకుంటే ఏమయ్యేది? ఎన్నిసార్లు చెప్పినా నీకు!" మాబున్ని బిక్కమొహం వేసింది. దేవమ్మత్త అక్కడి నుంచి చర్చి వెనక్కు పోయింది. ఎంతసేపటికీ రాకపోతే వెళ్లి చూశాను. గోడకు తల ఆనించి ఏడుస్తోంది. నన్ను చూసి కూడా ఆపలేదు.

ఖాసీం పరుగెత్తుకుంటూ వచ్చి, తల్లినీ మాబున్నినీ పట్టుకుని ఏడ్చాడు. హసీనా పోయాక పుట్టిన చిన్న కూతురు చాంద్‌బీ అప్పటికింకా అయిదేళ్లది. దాన్ని ఎత్తుకొచ్చి దేవమ్మత్త ముందు నిలబెట్టాడు. "దీన్ని కూడా రేపట్నుంచే దించక్కా" అన్నాడు. అంతకుముందెన్నడూ ఆయన ఆవిడను అక్కా అని పిలవలేదు.

"రేపు కాదప్పా, నీళ్లు తేరుకోనీ" అంది దేవమ్మత్త.

పేట మళ్లీ లేచింది. కొత్త బోద కప్పుకుంది. ఆ ఏడాదే, కడప ఆసుపత్రిలో నర్సు పని నేర్పుతారని చర్చిలో ఎవరో చెబితే, నేను పోతానన్నాను. మా అమ్మ ఈసారి దేవమ్మత్త రాకముందే ఒప్పుకుంది. బస్సు ఎక్కించడానికి మాత్రం ఆవిడే వచ్చింది. బస్సు కదిలే ముందు నాకు ధైర్యం పోయింది. "భయంగా ఉండాదత్తా" అన్నాను.

"ఉంటాది. కాలవలో దిగే ముందర నాకు ఇప్పటికీ భయంగానే ఉంటాది."

నేను ఆశ్చర్యపోయి చూశాను. "మాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు ఎప్పుడడిగినావు?" అని నవ్వి, కిటికీలోంచి చెయ్యి పెట్టి నా చెంప తట్టింది.

దేవమ్మత్త పోయి చాలా ఏళ్లయింది. జ్వరంతో పోయింది. సమాధి మీద మొదటి పిడికెడు మట్టి వేసింది ఖాసీం. మాబున్ని ఇప్పటికీ ఆ పేటలోనే ఉంది. పేటలో దాని చేత తిట్లు తినకుండా ఈత నేర్చిన ఆడపిల్ల లేదట.

నాకు ఈత కంటే ఎక్కువగా పనికొచ్చింది ఆ బస్సు దగ్గర విన్న మాట. నిరుడు కలరా వచ్చినప్పుడు ఆలూరు పక్క నుంచి ఒక రైతు వచ్చాడు. ఇక్కడ నా దగ్గర నర్సు పని నేర్చుకుంటున్న కూతురిని వెంటనే ఇంటికి తీసుకుపోతానన్నాడు. "ఈడ ఉంటే సచ్చిపోతాదమ్మా నా బిడ్డ" అని చేతులు జోడించాడు. నేను ఆయనకు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఏమీ కాదులే అని అబద్ధం చెప్పలేదు. నాకూ ప్రతి ఉదయం ఆ వార్డు తలుపు తీసేటప్పుడు భయంగానే ఉంటుందని చెప్పాను. చేతులు ఎలా కడుక్కుంటామో, నీళ్లు ఎలా కాచుకుంటామో ఆయన కళ్లెదుటే చేసి చూపించాను. తర్వాత ఆ పిల్లను పిలిచి, "నువ్వు చెప్పమ్మా, పోతావా?" అని అడిగాను.

ఆ పిల్ల తండ్రి వైపు, నా వైపు చూసింది. "మీక్కూడా భయమేనా సిస్టరమ్మా?" అంది.

"అవును."

"అయితే నేనూ ఉంటా నాయనా" అంది ఆ పిల్ల. కొంగు నడుముకు బిగించి, తండ్రి కంటే ముందే గదిలోంచి బయటికి నడిచి, వార్డులోకి వెళ్లిపోయింది.