మూసుకున్న ఆ చిన్న నోరు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, కన్నబిడ్డను తీసుకుపొమ్మని దేవుణ్ణి అడిగిన తల్లిని నేను!

మాది పాతబస్తీలో హుస్సేనీ ఆలం. అత్తగారి వాళ్లది మిఠాయి దుకాణం, పొద్దున మొదటి పేడా ఇంటి పిల్లకు తినిపించాకే షట్టర్ ఎత్తడం మా ఆనవాయితీ. నా కూతురు కీర్తనకు అన్నం ముట్టించిన నాటి నుంచీ అదే జరిగింది. పిల్ల పెదవులు బిగించేది, మొహం తిప్పేది, బలవంతంగా మింగిస్తే వాంతి చేసుకుని చెమటలు పట్టి సోలిపోయేది. "నోరు మొండిది బిడ్డా, జర బుజ్జగించి పెట్టు" అనేది అత్తమ్మ, పాపం ప్రేమతోనే. పిల్ల చిక్కిపోయింది, ఎన్ని నీళ్లు తాగినా దాహమే, నడిచే వయసుకు కాళ్లు వంకరపోయాయి. చూపించిన చోటల్లా బలానికని తియ్యటి సిరప్పులు ఇచ్చారు, అవీ పోశాం!

మాదన్నపేట ప్రార్థన కూటంలో "ప్రభువా, నా బిడ్డ నోరు తెరువు, ఒక్క ముద్ద మింగనియ్యి" అని ఏడ్చేదాన్ని. జవాబు రాలేదు. చివరికి ఆసుపత్రి వరండాలో "గిట్ల సతాయించుడెందుకు తండ్రీ, తీస్కపోరాదు" అనేశాను.

ఆ రోజే డాక్టరమ్మ అడిగింది, "పాపకు తీపి ఇష్టమేనా?"

"లేదమ్మా, నోట్ల పెడ్తె ఉమ్మేస్తది."

ఆమె రాయడం ఆపేసింది. పరీక్షలయ్యాక విడమరిచి చెప్పింది. నా నుంచీ, నా భర్త నుంచీ బిడ్డకు వచ్చిన లోపమట, చక్కెరలో, పండ్లలో ఉండే తీపి దాని ఒంట్లో సగం అరిగి విషంగా పేరుకుంటుందట. మూత్రపిండాలు వడకట్టాక మళ్లీ ఒంటికి చేర్చాల్సిన లవణాలను, ఎముకల సత్తువను ఆ విషం వల్ల పట్టుకోలేక మూత్రంలో వదిలేస్తున్నాయట!

తీపి మానేశాం, వాంతులు ఆగాయి, దేవునికే మహిమ! కానీ కాళ్ల వంకర ఇంకా పోలేదు, మూత్రపిండాలు ఎంత కోలుకుంటాయో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోతోంది, ఆ భయంతోనే రోజూ నిద్ర లేస్తున్నాను.

సహోదరులారా, నేను తెరువమని ఏడ్చినన్నాళ్లూ నా దేవుడు ఆ నోటిని మూసి కాపాడాడు, వేలు పెట్టి తెరిచింది మేమే! జవాబు రాలేదని కుంగిపోతున్న వాళ్లుంటే ఆయనను నమ్మండి, నేనూ ఏడుస్తూనే నమ్ముతున్నాను. కూటం అయ్యాక కీర్తనను ముద్దు చేయండి, తల మీద చెయ్యి పెట్టి దీవించండి, మీకు దండం పెడతాను, దాని చేతిలో చాక్లెట్ మాత్రం పెట్టకండి.