కట్టు విప్పే వేళ

మా ఆయన కొబ్బరికాయల లారీ నడిపేవారు. అంబాజీపేటలో లోడు ఎత్తితే కటక్, కలకత్తా, ఒక్కోసారి ఇంకా పైకి. వెళ్ళాక మళ్ళీ ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. పెళ్ళయి ఏడాది దాటినా ఆయన గొంతు నాకు సరిగా అలవాటు కాలేదు. ఇంటికొచ్చిన పూట స్నానం, భోజనం, నిద్ర. ఏదైనా కావలిస్తే అత్తగారితో చెప్పేవారు, అత్తగారు నాతో చెప్పేవారు. కోపమేమీ లేదు. ఎలా మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియదు, అంతే. ఇది డెబ్భైల నాటి మాట. పట్టపగలు మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూచుని కబుర్లు చెప్పుకుంటే మా వీధిలో వింతగా చూసేవారు.

ఆ వేసవిలో తిరిగొస్తూ ఉండగా రావులపాలెం దాటాక బండి వేడెక్కిందిట. ఇల్లు దగ్గరపడిందన్న తొందరలో ఇంజను చల్లారకుండానే రేడియేటరు మూత తిప్పారు. మరుగుతున్న నీళ్ళు ఒక్కసారిగా ఎగజిమ్మాయి. మొహం పక్కకు తిప్పుకోబట్టి కళ్ళు దక్కాయి గాని, కుడిచెయ్యి మోచేతి నుంచి వేళ్ళదాకా కాలిపోయింది. వెనక వస్తున్న లారీవాళ్ళు ఆయన్ని అమలాపురం ఆసుపత్రికి చేర్చారు. అక్కడ కొన్నాళ్ళు ఉంచుకుని, ఇక ఇంటిదగ్గరే రోజూ కట్టు మార్చుకోవచ్చని మందిచ్చి పంపేశారు.

ఆయన వచ్చేసరికి అత్తగారు సున్నపు తేటలో కొబ్బరినూనె పోసి, వెన్నలా చిలికి గిన్నెతో సిద్ధంగా ఉన్నారు. వాళ్ళ పుట్టింట కాలిన పుళ్ళకు అదే మందు. మా వీధి చివర ఉండే కాంపౌండరు గారు చూడ్డానికి వచ్చి, ఆ గిన్నె వైపు చూసి, ఆవిడ మనసు నొచ్చుకోకుండా, "కొత్త చర్మం వచ్చాక రాద్దాం లెండి పిన్నిగారూ, పచ్చిపుండు మీద ఇప్పుడేం వద్దు" అన్నారు. తర్వాత నన్ను పిలిచి కూచోబెట్టారు. నీళ్ళు బాగా కాచి చల్లార్చుకోవాలి. పాత పంచె ఉడకబెట్టి, మంచి ఎండలో ఆరేసి, ముక్కలు చేసి పెట్టుకోవాలి. చేతులు సబ్బుతో కడుక్కోందే పుండు దగ్గరికి పోకూడదు. గుడ్డ అంటుకుపోతే లాగకూడదు, నీళ్ళు పోసి నానాకే తియ్యాలి. పొక్కులు చిదపకూడదు. పత్యమంటూ కడుపు మాడ్చకుండా గుడ్డూ పాలూ పెట్టాలి. వాసనొచ్చినా, జ్వరం తగిలినా ఆసుపత్రికి తీసుకుపోవాలి. అన్నీ చెప్పి, లేస్తూ ఇంకో మాట అన్నారు.

"వేళ్ళు మాత్రం రోజూ ముడిపించి తెరిపించాలమ్మా. నొప్పంటున్నాడు కదాని జాలిపడి ఊరుకున్నావో, అలాగే బిగుసుకుపోతాయి. ఇంక స్టీరింగు పట్టలేడు."

"ఆయ్" అన్నాను. అత్తగారు చేస్తారేమో అని ఆశపడ్డాను. ఆవిడకు చూపు ఆనేది కాదు. పని నాకే పడింది.

మొదటిరోజు పొద్దున్న వంటయ్యాక వసారాలో చాప వేసి, పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకుని కూచున్నాను. కట్టు విప్పుతుంటే నా చేతులు ఒకటే వణుకు. నీళ్ళు సగం చాప మీదే పోయాయి. అడుగు గుడ్డ అంటుకుపోయింది. అది నానేదాకా ఆగాలంటే కూడా భయమే. ఆయన గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. ఉన్నట్టుండి మాట్లాడ్డం మొదలెట్టారు.

ఒకసారి కటక్ అవతల వరదకు రోడ్డు తెగి లారీలన్నీ ఆగిపోయాయిట. తిండి దొరక్క, ఈయన లోడు లోంచి కాయలు తీసి కొట్టి దగ్గరి పల్లెవాళ్ళకిస్తే, వాళ్ళు అటుకులు తెచ్చి పెట్టారుట. వాళ్ళ భాష ఈయనకు రాదు, ఈయన భాష వాళ్ళకు రాదు.

"మరి ఎలా అడిగేరండీ?" అన్నాను. పెళ్ళయ్యాక నేనాయన్ని అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను.

"పొట్ట చూపించేను" అన్నారు.

నవ్వొచ్చింది. ఆ నవ్వులో గుడ్డ ఊడి వచ్చిన సంగతి గమనించనే లేదు.

మర్నాడు ఇంకో ఊరు, ఆ తర్వాత ఇంకో ఘాట్ రోడ్డు. చలికి నూనె గడ్డకట్టే ఊళ్ళు, రొట్టెలు కాల్చిపెట్టే ముసలాయన ధాబా. నొప్పి మరిచిపోడానికి చెబుతున్నారనుకునేదాన్ని. వేళ్ళు ముడిపించేటప్పుడు ఆయన నుదుటి మీద చెమట పట్టేది, మాట మాత్రం ఆగేది కాదు. నేనూ చెప్పడం మొదలెట్టాను. బండారులంకలో మా నాన్న మగ్గం, చిన్నప్పుడు నేను కండెలు చుట్టడం, పోగు తెగితే అమ్మ చేత తిట్లు తినడం. ఆయన శ్రద్ధగా వినేవారు. ఏ రంగు చీర నేయడం కష్టమని అడిగారొకసారి. నన్నెవరూ అలాంటిది అడగలేదు అప్పటిదాకా. మేం మాట్లాడుకుంటుంటే అత్తగారు ఏదో పని కల్పించుకుని పెరట్లోకి పోయేవారు. పొద్దున్న లేస్తూనే ఈవేళ ఏం చెబుతారోనని ఎదురుచూసేదాన్ని.

పుండు అంచుల్నించి మానుతూ వచ్చింది. లేతగులాబీ రంగు చర్మం, దాని మీద పొలుసులు, విపరీతమైన దురద. అప్పుడు అత్తగారి గిన్నెకు మోక్షం వచ్చింది. ఆవిడ ఎంత సంబరపడ్డారో. ఆయన పిడికిలి పూర్తిగా ముడవగలిగిన రోజున కాంపౌండరు గారు ఇక కట్టు అక్కర్లేదని, ఎండ మాత్రం తగలనివ్వొద్దని చెప్పి వెళ్ళారు. అందరం సంతోషించాం. మర్నాడు వంటయ్యాక అలవాటు కొద్దీ వసారాలోకి వచ్చాను. ఆయన పొడుగు చేతుల చొక్కా వేసుకుని లారీ షెడ్డుకు వెళ్ళిపోయారు. కాసేపు అక్కడే నిలబడి లోపలికి వచ్చేశాను.

తర్వాత మళ్ళీ లోడు, మళ్ళీ దూరాలు. పిల్లలు పుట్టారు. ఆయన వచ్చినప్పుడల్లా ఈసారి ఏ ఊరు చూశారో అడగాలనుకునేదాన్ని. అన్నం వడ్డించేలోపు ఆ మాట నోట్లోనే ఆరిపోయేది. ఆయనా ఒక్కోసారి ఏదో అనబోతున్నట్టు చూసి, మజ్జిగ అడిగేవారు. సంవత్సరాలు అలాగే నడిచిపోయాయి.

ఎనభైలు ముగిసేసరికి నడుంనొప్పి పట్టుకుని ఆయన లారీ మానేశారు. అత్తగారు అప్పటికి లేరు. ఒక మధ్యాహ్నం పిల్లలు బడికి వెళ్ళాక, ధైర్యం చేసి అడిగాను.

"చెయ్యి కాలినప్పుడు అన్ని కబుర్లు చెప్పేవారు. తర్వాత ఎందుకు మానేసేరండీ?"

ఆయన కాస్త ఆలోచించారు. "నీ చేతులు వణికేవి కదా. చిన్నపిల్లవి, ఎంత హడలిపోతున్నావో అనిపించి, నీ భయం పోతుందని ఏదో ఒకటి వాగేవాణ్ణి. తర్వాత నీకా అవసరం లేకపోయింది. నా సోది ఎవరిక్కావాలి అనుకున్నాను."

"నొప్పి తెలియకుండా ఉంటుందని చెబుతున్నారనుకున్నాను."

"మాట్లాడితే ఇంకా నొప్పెట్టేది" అన్నారు.

"నాకు వినాలని ఉండేదండీ" అని మాత్రం అనగలిగాను. అడగవలసింది కదా అన్నారాయన, మెల్లగా. నిజమే. మీరైనా చెప్పవలసింది అని నేను అనలేదు.

ఆ తర్వాత అప్పుడప్పుడూ చెప్పేవారు. ఊళ్ళు కలిసిపోయేవి, ఒక రోడ్డు మీద మొదలెట్టింది ఇంకో రోడ్డు మీద తేలేది. నేను సరిదిద్దేదాన్ని కాదు. అదీ ఎంతో కాలం సాగలేదు. జబ్బు చేసి, తొందరగానే వెళ్ళిపోయారు. మా పిల్లలు నాన్న మాట్లాడే మనిషి కాదంటారు. వాళ్ళు చూసింది అదే. అలా కాదని చెబుదామని చాలాసార్లు మొదలెట్టాను గాని, ఎక్కణ్ణించి ఎత్తుకోవాలో తెలియక ఊరుకున్నాను.