చేదు తర్వాత ఇచ్చే గ్లాసు

"...మాత్రలు మానెయ్యమని నేనెప్పుడన్నాను పెద్దమ్మా? గాజు పళ్లెంలో పెంచిన కాలేయ కణాల సంగతి చెప్పాను, అంతే."

"అల్లం సారం పోస్తే అవి కొలెస్ట్రాల్‌ని లాగేసుకుంటున్నాయన్నావా లేదా?"

"అన్నాను. పళ్లెంలో. మనిషిలో ఏం జరుగుతుందో మాకింకా తెలీదు."

వార్సితి ఇండోనేషియాలోని సోలో నగర వీధుల్లో ముప్పై ఏళ్లుగా వీపున బుట్ట కట్టుకుని జాము అనే మూలికల కషాయాలు అమ్ముతోంది. ల్యాబ్‌లో పనిచేసే చెల్లెలి కూతురు రెత్నో చెప్పిన ముక్కను ఆమె అప్పటికే మూడు వీధుల్లో పంచేసింది. రిక్షా తొక్కే సుగిమాన్‌తో ఇంకో మాట కూడా అంది: ఇంత అల్లం తాగుతుంటే డాక్టరిచ్చిన ఆ కొలెస్ట్రాల్ మాత్రలెందుకని.

ముందు చేదు కషాయం, నోరు కడగడానికి చివర్లో అల్లం, బెల్లం కలిపిన గ్లాసు. అది ఆమె పద్ధతి. రెండు నెలలుగా సుగిమాన్ చేదు ముట్టకుండా అల్లమే మూడు గ్లాసులు తాగుతున్నాడు. ఈమధ్య వంతెన దగ్గర దిగి రిక్షా తోస్తున్నాడు. దవడ రుద్దుకుంటుంటే ఏమైందని అడిగింది. పన్ను నొప్పి అన్నాడు.

రెత్నోతో మాట్లాడిన మర్నాడు పొద్దున సంత ముందు రిక్షా ఉంది గాని, సుగిమాన్ ఆమెను చూసి రోజూ కొట్టే గంట కొట్టలేదు. చల్లటి వేళ. అయినా అతని చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తుడుచుకోవడానికి గుడ్డ ఇద్దామని ఆమె రిక్షా ముందువైపు ఉండే సవారీ సీటు ఎత్తింది. కింద రేకు డబ్బాలో మాత్రల అట్టలు. ఒక్కటీ చింపలేదు.

"ఇవేంటి పాక్ సుగిమాన్?"

"నువ్వే కదక్కా వద్దన్నావు." నవ్వబోయి ఆగాడు. "అల్లం గ్లాసు పొయ్యి, ఇవాళ పన్ను మరీ లాగుతోంది."

"చెయ్యి కూడానా?"

"ఎడమది. రాత్రి దానిమీద పడుకున్నాన్లే. డాక్టరమ్మ అయిపోయావేంటి?"

ఆమె సగం పోసిన గ్లాసును తిరిగి సీసాలో ఒంపి మూత బిగించింది. బుట్ట విప్పి, పక్కనున్న టెంపే అనే సోయా వేపుళ్లు అమ్మే ఆవిడ బల్ల కింద పెట్టింది.

"ముందు సీట్లో కూర్చో. ఆసుపత్రికి నేను తొక్కుతాను."