నేలకు దిగని కంటి మెషీన్

మా ఊరి రేషన్ దుకాణంలో మనిషి కళ్లలోకి చూసి పేరు చెప్పే మెషీన్ ఒకటుంది. దాన్ని కట్టేసిన ఇనుప గొలుసును ఒక్క గుంజుడుతో తెంపి, మెషీన్‌ను చంకలో ఇరికించుకుని, డీలర్ వెనకాల మొత్తుకుంటూ ఉరికొస్తుంటే బజారు నడుమ నుంచి దర్జాగా నడిచొచ్చి మా అక్క ముందు పెట్టినవాణ్ణి నేను. ఈ సంగతి నల్లగొండ బస్టాండులో చెప్పాను. జడ్చర్లలో చుట్టాల పెళ్లిలో చెప్పాను. హుజూర్‌నగర్‌లో మా బస్సు పాత డ్రైవర్ ఇంటికి పోయినప్పుడు భోజనం చల్లారేదాకా చెప్పాను. చెప్పిన ప్రతిచోటా గొలుసు కొంచెం లావెక్కింది. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కనుక దాని అసలు లావెంతో ముందు ముందు చెప్పక తప్పదు. కోపాన్ని మాత్రం నేను ఎక్కడా పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు.

మా అక్క నాకంటే పెద్దది. మా ఇంట్లోనే ఉంటుంది. మునుగోడు దిక్కు పల్లెల్లో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎందరి ఎముకలనో పట్టుకుంది. వాళ్లలో ఆమె ఒకతె. ముందు మోకాళ్లు బిగుసుకున్నాయి. తర్వాత నడుము వంగింది. ఆఖరికి మెడ కొయ్యబారింది. గడ్డం ఎప్పుడూ గుండెకు ఆనుకునే ఉంటుంది. నడుస్తున్నప్పుడు ఆమెకు కనపడేది తన పాదాలు, వాటి ముందు కొంచెం నేల. అందుకే మనుషుల్ని చెప్పుల్ని బట్టి గుర్తుపడుతుంది. వాకిట్లోకి వచ్చినవాళ్లు ఇంకా నోరు తెరవకముందే వరస పెట్టి పిలిచి కూర్చోమంటుంది. కొత్త చెప్పులేసుకొస్తే మడమలు చూసి చెబుతుంది. నేను బస్సు కండక్టర్‌గా ఊరూరి నీళ్లు తాగుతూ తిరిగాను కాబట్టి నా నడుము నిటారుగా మిగిలింది. ఆమె ఇల్లు కదలకుండా అమ్మను, నాయినను చూసుకుంది. ఆ బోరు నీళ్లే తాగింది.

ఆమె వీపు మా జిల్లాలో తెలియనిదెవరికి? ఓట్లొచ్చినప్పుడల్లా కెమెరాలు పట్టుకుని మనుషులు దిగేవాళ్లు. ముఖం పడటం లేదని కొందరు మా అలికిన వాకిట్లో పడుకుని కింది నుంచి ఫొటోలు తీశారు. ప్యాంట్లకు పేడ అంటినా లెక్కచేయలేదు. సభల్లో ముందు వరసలో కూర్చోబెట్టారు. డాక్టర్లొచ్చి వంపును కొలుచుకుపోయారు. నందికొండ దగ్గర సాగర్ డ్యామ్‌లో ఆగిన కృష్ణ నీళ్లు మాత్రం లావు పైపుల్లో మా పక్క నుంచే పట్నానికి పోతూ ఉండేవి. రాష్ట్రం వచ్చాక మా వాకిట్లోకీ నల్లా వచ్చింది, మంచి నీళ్లు వచ్చాయి, కాదనను. నీళ్లు మారితే వంగిన ఎముక లేచి నిలబడదు కదా. ఇందరు చూసిన మనిషిని, ఇందరికి చూపించిన మనిషిని, ఒకరోజు ఒక డబ్బా నువ్వెవరని అడిగింది.

రేషన్ దుకాణంలో మొదట వేలిముద్ర ఉండేది. అక్క వేళ్లు వంకర్లు పోయి అద్దం మీద ఆనవు గనుక మా ఇంటామె పోయి తన వేలు పెట్టి అందరి బియ్యం తెచ్చేది. తర్వాత కొత్త కాయిదా వచ్చింది. కార్డులో ఉన్న ప్రతి మనిషీ స్వయంగా వచ్చి తాను బతికే ఉన్నానని ఒకసారి చూపించుకోవాలి. చూపించుకోనివాళ్ల పేరు కార్డులోంచి పోతుంది. వేలు పడనివాళ్లకు కంటి మెషీన్. అది ఎంతుంది? జాతరలో పిల్లలు కొనుక్కునే దుర్భిణి అంత. ఒక వైరు తగిలించుకుని ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. మోసుకుని తిరగడానికే చేశారట. మా డీలర్ దాన్ని గోడకు బిగించిన చెక్క మీద, నిలబడ్డ మనిషి ముఖం ఎత్తున పెట్టి, కదలకుండా కట్టేశాడు.

అక్క పేరు పోతే ఆమె వంతు బియ్యం పోతాయి. ఆ బియ్యం లేకపోతే మేం పస్తులుండం. ఆమె బాధ బియ్యం గురించి కాదు. "బతికుండంగనే తీసేస్తరా తమ్మీ నన్ను?" అని ఆ వారమంతా అదే మాట. అన్నం ముందు కూర్చుని అదే మాట.

ఆటో మాట్లాడి తీసుకుపోయాను. డీలర్ మాకు వరసకు అల్లుడవుతాడు.

"అత్తా, జర తల లేపు. గీ రెండు అద్దాల్ల సూడు," అన్నాడు.

"తల లేస్తే గిట్లెందుకుంట బిడ్డా?" అంది అక్క, అతని చెప్పులను చూస్తూ.

"జరంతనే అత్తా."

లైన్లో ఉన్న ఇద్దరు మగవాళ్లు సాయం చేస్తామని ముందుకొచ్చారు. ఒకడు భుజాలు పట్టుకున్నాడు. ఇంకొకడు గడ్డం కింద చెయ్యి పెట్టి పైకి నెట్టాడు. అక్క వేసిన కేకకు బయటున్న ఆటో అతను లోపలికి ఉరికొచ్చాడు. మెషీన్ ఎర్ర దీపం వెలిగించి కుయ్యిమంది. దానికి కనపడింది ఆమె నడినెత్తి. అక్కడ దాని పనికొచ్చేది ఏమీ లేదు.

"మెషీన్ను కిందికి దించు అల్లుడా," అన్నాను.

"దించరాదు మామా. ఒకపారి కిందపడ్డది. మల్ల ఖరాబైతే నా జిమ్మ, నేనే కట్టాలె."

"మరి మీ అత్త మెడ ఖరాబైతే ఎవని జిమ్మ?"

అల్లుడు ఇటు తిరిగాడు. గోడవారన పేర్చిన బియ్యం బస్తాలు చూపించాడు. "గా బస్తాల మీద అత్తను ఎల్లకిల పండబెడుదాం మామా. మొఖం మెషీన్ దిక్కు వస్తది. జరసేపే."

ఆ మాటకు నా ఒళ్లు భగ్గుమంది. మనిషిని బస్తాల మీద బస్తాలా పండబెడతాడట! మెషీన్‌ను మూరెడు దించడానికి మనసొప్పదు కానీ, నడుము వంగిన ముసలామెను మోసి బస్తాలెక్కించడానికి ఒప్పుతుంది. అద్దం పగులుతుందని భయం ఉంది. మనిషి పగులుతుందని లేదు. ఇదెక్కడి లెక్క?

అక్క నాకంటే ముందే తేల్చేసింది. "గింతమంది మొగోళ్ల ముందట కాళ్లు సాపి పండాల్నా? సచ్చినంక ఎట్లయినా పండబెడుదురు. ఇప్పుడైతే పండ."

ఇంటికి వచ్చేశాం. మర్నాడు నేను మండల ఆఫీసుకు పోయాను. అక్కడి కుర్రాఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. అది మోసుకెళ్లే మెషీనే కదా పెద్దయ్యా, డీలర్ ఇంటికొచ్చి చెయ్యొచ్చు అన్నాడు. ఆ మాటేదో డీలర్‌కు చెప్పమన్నాను. నోటితో చెబుతాను, కాగితం కావాలంటే పైనుంచి రావాలి అన్నాడు. నాకు తిక్క లేచింది. నిండు బస్సులో, నిలబడటానికి జాగా లేని బస్సులో, టికెట్ తీసుకోనివాణ్ణి కళ్లు చూసి పట్టినవాణ్ణి నేను. ఏ వైరూ ఏ ఛార్జింగూ లేకుండా. సరే, కొందరు నాకు దొరకలేదు. చెకింగ్ వాళ్లకు దొరికారు, వాళ్లతో పాటు నేనూ దొరికాను. అయినా మా జిల్లాలో అందరికీ తెలిసిన మనిషిని మీరెవరు గుర్తుపట్టడానికి అని బల్ల గుద్ది అడిగాను. ఆఫీసంతా లేచి నిలబడింది.

బల్ల గుద్దలేదు. బల్ల మీద అద్దం ఉంది. నేను గట్టిగా మాట్లాడింది మెట్లు దిగి, చెట్టు కింద స్కూటర్ తుడుచుకుంటున్న మనిషితో. అతను తల ఊపాడు. ఆ ఆఫీసులో అంతకంటే పెద్ద జవాబు నాకు దొరకలేదు.

ఇంటికి రాగానే అక్క అడిగింది, "ఏమన్నరు?"

"పైకెల్లి కాగితం రావాల్నట."

"నన్ను మల్ల గా దుకాణంకాడికి తీస్కపో."

పోయాం. అక్క ఈసారి లైన్లో నిలబడలేదు. ఒక్కో అడుగూ వేసుకుంటూ పోయి దుకాణం గుమ్మంలో కడప మీద కూర్చుంది. తలుపుకు అడ్డంగా, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని. కూర్చున్న పెద్దమనిషిని దాటి పోవడం మా దిక్కు ఎవరూ చెయ్యరు. లోపల బియ్యం తీసుకున్నవాళ్లు సంచులతో లోపలే ఆగిపోయారు. బయటివాళ్లు బయట ఆగిపోయారు. దుకాణానికి అదొక్కటే దారి.

"అత్తా, జర పక్కకు జరుగు. లైను ఆగింది," అన్నాడు డీలర్.

"నీ మెషీనే జరుగుతలేదు, నేనెందుకు జరగాలె?"

"నేనేం జెయ్యాలె అత్తా? నాకు పైకెల్లి ఆర్డర్ లేదు."

లోపల చిక్కుకున్న ఒకామె సంచి కింద పెట్టింది. "ఏందయ్యా నీ ఆర్డరు? డబ్బాను జరంత దించితే నీ అయ్య ఆస్తేమన్న కరుగుతదా? మా ఇంట్ల పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చిన."

"ఎసరు ఇగిరిపోతే బియ్యం నువ్వే అండిపెట్టు," అని డీలర్‌కు చెప్పింది ఇంకొకామె. నవ్వులు లేచాయి. ఎవరూ అక్క మీద విసుక్కోలేదు. అందరూ డీలర్ మీదే పడ్డారు. నేను పక్కనుండి ఎగదోస్తున్నాను. ఆ పని నాకు బాగా వచ్చు.

గొలుసు సంగతి ఇక్కడ చెప్పాలి. గొలుసు లేదు. పెట్టెలకు అతికించే గోధుమరంగు టేపు. దాన్ని ఊడదీసింది కూడా నేను కాదు. డీలరే తలవంచుకుని, గోటితో గీకి గీకి తీశాడు. నేను చంకలో పెట్టుకోలేదు. బజారు దాటలేదు. వైరు సరిగ్గా కడప దాకానే వచ్చింది.

అయితే దాన్ని కింది నుంచి పైకి చూపిస్తూ పట్టుకోవాలి. డీలర్ తన ఇస్త్రీ ప్యాంటు చూసుకున్నాడు. అప్పుడు నేను నేల మీద వెల్లకిలా పడుకున్నాను. ఇది నిజం. లేవడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది, అదీ నిజం. మెషీన్‌ను రెండు చేతులతో ఎత్తి అక్క ముఖం కింద పెట్టాను.

ఎన్నేళ్లయిందో, నేను ఆ ముఖాన్ని ఎదురుగా చూడలేదు. పక్క నుంచి చూశాను, పైనుంచి చూశాను, ఆమె వీపుతో మాట్లాడాను. ఎడమ కంటి కింద ఆమెకొక పుట్టుమచ్చ ఉందని మర్చిపోయాను. కనుబొమ్మలు మా అమ్మవి. మా వాకిట్లో పడుకున్న ఫొటోగ్రాఫర్లందరికీ తెలిసిన ముఖం, ఒకే ఇంట్లో తిని పడుకునే తమ్ముడికి తెలియకుండా పోయింది.

"నన్నేం సూస్తవ్‌రా? మెషీన్ సక్కగ పట్టు. వంకర పోతాంది," అంది.

పట్టాను. పచ్చ దీపం వెలిగింది.

"అయిపాయె అత్తా," అన్నాడు డీలర్.

"ఏమన్నది? నేనున్ననంటనా?"

"ఉన్నవత్తా."

దుకాణమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఒక్క మాట కోసం ఆమె కడపకు అడ్డం పడాల్సి వచ్చింది. కడప దాకా రాలేనివాళ్ల మాటేమిటి? మా పక్క వీధిలో మంచం దిగనివాళ్లున్నారు. కళ్లకు పొర కమ్మినవాళ్లున్నారు. వాళ్ల దగ్గరికి దాన్ని పట్టుకుని ఎవరు పోతున్నారు? అరచేతిలో ఇమిడే వస్తువు చేసి ఇస్తే, దాన్ని గోడకు అతికించి మనుషుల్ని మోసుకురమ్మంటారా? కన్ను తెరిచి చూడాల్సింది మెషీన్ ఒక్కటేనా?

ఇదంతా రాసి నిన్న పొద్దున అక్కకు చదివి వినిపించాను. చాటలో బియ్యం ఏరుతూ వింది. గొలుసు దగ్గర నవ్వింది. బల్ల గుద్దిన దగ్గర ఇంకా నవ్వింది. బస్తాల దగ్గర మాత్రం ఆమె చేతులు ఆగిపోయాయి. అయినా అడ్డం రాకుండా చివరిదాకా విన్నది.

"గిది పేపరుకిస్తవా?" అంది.

"ఇస్తనక్కా."

"అయితే గా బస్తాలకాడికెల్లి అల్లుణ్ని తీసెయ్యి. బస్తాల మీద పండుమని గాయన నోరే తెరువలే. 'జరసేపే అక్కా, పండు, ఎవలు సూస్తరు' అన్నది నువ్వు."