రఫీక్ సార్ పీరియడ్లు

నాలుగైదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. కాలేజీలో చెప్పే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

వికారాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నాది పర్మినెంటు ఉద్యోగం. రఫీక్ సార్ గెస్టు లెక్చరర్. తాండూరు నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. ఆయనకు నెల జీతం లేదు, చెప్పిన పీరియడ్లకే డబ్బు. ఇద్దరిదీ ఒకే సబ్జెక్టు, ఒకే స్టాఫ్‌రూం.

పిల్లలకు ఆయనంటే ప్రాణం. తాండూరు సున్నపురాతి బండ ముక్క ఒకటి సంచిలో తెచ్చి, గీకి, దాని మీద నిమ్మకాయ పిండి, "వినుండ్రి, రాయి మాట్లాడుతది" అనేవారు. సన్నగా లేచే నురగ చూడ్డానికి క్లాసంతా మూగేది. పక్క గదిలో నేను అదే పాఠాన్ని బోర్డు మీద సమీకరణంగా రాస్తూ ఆ నవ్వులు వినేదాన్ని.

కరోనా తర్వాత ప్రిన్సిపాల్ గారు నాకో పని అప్పగించారు. సగం ఆన్‌లైన్లో, సగం క్లాసులో జరిగేలా మా కోర్సును కొత్తగా తయారుచేయాలి. మనసుపెట్టే చేశాను, అందులో అబద్ధం లేదు. పరిగి నుంచి, యాలాల్ నుంచి వచ్చే పిల్లలకు బస్సు తప్పితే పాఠం కూడా తప్పేది. అదే వీడియో ఉంటే ఇంటి దగ్గర ఎన్నిసార్లైనా వింటారు, కాలేజీకి వచ్చిన రోజు ప్రయోగాలు చేస్తారు, సందేహాలు అడుగుతారు. ఆలోచన మంచిదే. ప్రిన్సిపాల్ గారే ఖర్చు ఖర్చు అని నాన్చారు. అప్పుడు నేనన్నాను, "వీడియోలుంటే గెస్టు లెక్చరర్ అవసరం పడదు సార్" అని. ఎవరూ అడగలేదు. నా అంతట నేనే అన్నాను. ఆయన మొహం విప్పారింది. కోర్సు ఖాయమైంది.

ఇక వీడియోలు తీయాలి. కెమెరా ముందు నాకు నోరు పెగల్లేదు. రఫీక్ సార్‌ను అడిగాను, ఒక్క మాటకే ఒప్పుకున్నారు. ఎండాకాలం సెలవుల్లో, చప్పుడు వినిపిస్తుందని ఫ్యాను ఆపేసిన ల్యాబ్‌లో, ఒక్కో పాఠం చెప్పుకుంటూ పోయారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకునేది. ఫోన్ పట్టుకుని తీసింది నేనే. ఒకరోజు మధ్యలో చాయ్ తాగుతూ అడిగారు.

"మేడం, గీ వీడియోలు వస్తే నా పీరియడ్లకు ఏం ఫికర్ లేదు గద?"

"ఏం ఫికర్ సార్? వీడియో చూసినోళ్లకు డౌట్లు వస్తయి. అవి చెప్పెటందుకు మీరే ఉండాలె."

"గట్లనా? మంచిగైంది. ఇంట్ల జర పరేషాన్ అయితున్నరు."

నవ్వి, గ్లాసు పక్కన పెట్టి, మళ్లీ కెమెరా ముందు నిలబడ్డారు. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. చెబితే మిగిలిన పాఠాలు ఆపేస్తారని భయపడ్డానా? అదొక్కటేనా? ఆయనతో నేనన్నది నిజానికి సరైన మాటే. ఆ సందేహాల పీరియడ్లు ఆయనకిస్తే కోర్సు ఇంకా బాగుండేది, ఆయన కూడా ఉండేవారు. కానీ అవి నేనే తీసుకున్నాను. కాలేజీకి ఖర్చు తగ్గిస్తున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆయన లేకపోతే పిల్లలు నా చుట్టూ మూగుతారనుకున్నాను. ఈ ఒక్క మాట దగ్గరే ఎంతసేపు ఆగిపోయానో.

కాలేజీ తెరిచిన రోజు ఆయన టైంటేబుల్ ముందు చాలాసేపు నిలబడ్డారు. అందులో ఆయన పేరు లేదు. మెల్లగా నా దగ్గరికి వచ్చి, "మీకు గూడ తెల్వకుంటనే చేసినట్టున్నరు మేడం" అన్నారు. నామీద అనుమానమైనా పడలేదు. నేను తలూపాను. తలూపి, ఫోన్ చూసుకున్నాను.

ఇప్పుడు తాండూరులో బావమరిది బండల దుకాణంలో కూర్చుంటున్నారట. పోయినేడు ఆ ఊళ్లో పెళ్లికి వెళ్లి, ఆ వీధి తగలకుండా చుట్టూ తిరిగి వచ్చాను.

కోర్సు మాత్రం నడుస్తోంది. బాగుందన్నారు, నాకు శాలువా కప్పారు. ప్రతి వీడియో చివర ఆయన, "సమజ్ కాకుంటే ఫికర్ చెయ్యకుండ్రి, క్లాసుల నన్ను అడుగుండ్రి" అంటారు. నా మాట నమ్మి అన్న మాట అది. దాన్ని కత్తిరించడం ఎంతసేపు పని? ఏటా కూర్చుంటాను. చేయి రాదు.

మొన్న క్లాసులో కోట్‌పల్లి అమ్మాయి ఒకతె లేచింది. "మేడం, గా సార్ ఎప్పుడొస్తడు? నా డౌటు ఆయన్నే అడగాలె."

"సార్ మానేసిండ్రు బిడ్డా. నన్నడుగు" అన్నాను.

అడగకుండానే కూర్చుంది.

ఆయన మానేయలేదు. నేను తీసేయించాను. ఈ మాట ఆ అమ్మాయికి చెప్పాల్సింది, అంతకంటే ముందు ఆయనకు చెప్పాల్సింది. ఇద్దరికీ చెప్పలేక మీకు చెబుతున్నాను. ఆయన క్షమిస్తారో లేదో తెలియదు, అడిగే మొహం లేదు. కానీ ఆ వాక్యాన్ని "నేను" అని మొదలుపెట్టి చివరిదాకా రాయడం ఇదే మొదటిసారి. రాశాక కాసేపు ఊపిరి సరిగ్గా ఆడింది. అంతే.