చింతమాకులపల్లె కొండకు ఒక మధ్యాహ్నం

మద్రాసు సెంట్రల్లో ఉదయం ఆరు ఇరవైకి తిరుపతి రైలెక్కాను. ఒళ్ళో ఒక అల్యూమినియం డబ్బా, అందులో మెత్తటి గుడ్డలో చుట్టిన ఆరు ఫ్లాపీ డిస్కులు. ఎనభైల నడిమి సంవత్సరాలు, మాఘమాసం. పశ్చిమ జర్మనీలో తొమ్మిదేళ్ళు ఒక కంపెనీలో కంప్యూటరు ప్రోగ్రాములు రాసి, ఉద్యోగం మానుకుని, మైలాపూరులో ఒక గది అద్దెకు తీసుకుని సొంతంగా పని మొదలుపెట్టి అప్పటికి ఎనిమిది నెలలు. ఇదే నాకు దొరికిన మొదటి పని. ఇది కుదరకపోతే మళ్ళీ విమానం ఎక్కడం తప్ప వేరే దారి కనిపించలేదు.

పని ఇచ్చినవారు చిత్తూరులో చిన్న కాన్పుల ఆసుపత్రి నడిపే డాక్టర్ సుగుణమ్మగారు. అవసరమైతే రక్తం ఇస్తామని పేరిచ్చినవాళ్ళ చీటీలు ఆమె దగ్గర రెండు చెక్కపెట్టెల నిండా ఉన్నాయి. వాటిలో సరైన మనిషిని వెతకడానికే ఒక పూట పడుతోందని, ఒక చిన్న కంప్యూటరు కొని నాకు జాబు రాశారు. చీటీల నకళ్ళు పోస్టులో తెప్పించుకుని, మూడు నెలలు కూర్చుని ప్రోగ్రాము రాసి, ఆ పేర్లన్నీ డిస్కుల్లోకి ఎక్కించాను.

చిత్తూరుకు సూటిగా బస్సు ఉన్నా తిరుపతి మీదుగా బయలుదేరడానికి కారణం తలకోన. తిరుపతికి రానుపోను టికెట్టు తీసుకున్నాను, పని ముగించుకుని తిరుగుదారిలో ఆ అడవిలో రెండు రోజులు నడవాలని ఆశ. జర్మనీలో ఆదివారాలు కొండలెక్కే ఒక బృందంతో తిరిగి తిరిగి నాకు ఆ పిచ్చి పట్టుకుంది.

పుత్తూరులో ఒక పెద్దావిడ మల్లెమొగ్గల బుట్టతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. నా బూట్లు చూసి, "ఏం పని జేస్తావు మ్మా?" అని అడిగింది. కంప్యూటరుకు రాతపని అన్నాను. జర్మనీ మాట కూడా చెప్పాను.

"రాసేదానికి అంత దూరం పోయింటివా? రాసేది ఈడుండే రాయొచ్చు గదా!"

నేను ఎనిమిది నెలలుగా అందరికీ వివరిస్తున్న సంగతి ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది.

తొమ్మిదిన్నరకు తిరుపతి. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, పదింటికి చిత్తూరు బస్సు ఎక్కాను. డబ్బా బస్సు పైన పెట్టమని కండక్టరు పట్టుబట్టాడు. ఎండ తగిలితే పాడైపోతాయి, ఒళ్ళోనే పెట్టుకుంటానన్నాను.

"ఏముండాయి మ్మా దాంట్లో, అప్పచ్చులా?"

చంద్రగిరి దాటాక కొండలు ఎడంగా జరిగి, మామిడితోటలు వచ్చాయి. పూత విరగబూసి ఉంది. పన్నెండున్నరకు చిత్తూరులో దిగాను.

ఆసుపత్రిలో డాక్టరుగారు నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. "సుభద్రా, నీ ప్రోగ్రాము పని చేస్తాదా?" అన్నారు. పొద్దున ఒక గర్భిణిని తెచ్చారు. ఒంట్లో రక్తం బాగా తక్కువ, సాయంత్రం లోపల ఆపరేషన్ చెయ్యాలి. "రక్తం చేతిలో లేకుండా నేను కత్తి పెట్టలేను. ఓ నెగెటివ్. ఇంట్లోవాళ్ళది ఎవరిదీ కలవలేదు. పెద్దాసుపత్రిలో కూడా లేదు."

డిస్కు పెట్టి, రెండు అక్షరాలు తప్పు కొట్టి, మళ్ళీ కొట్టాను. తెరమీద మూడు పేర్లు వచ్చాయి. ఒకాయన బొంబాయి వెళ్ళిపోయాడని డాక్టరుగారు చెప్పారు. రెండో ఆయన పోయిన నెలలోనే రక్తం ఇచ్చాడు. మూడో పేరు రత్నం, చింతమాకులపల్లె, చిత్తూరుకు ఇరవై కిలోమీటర్లు. ఆ పేరు కాగితం మీద రాసుకుంటుండగానే కరెంటు పోయింది.

ఆసుపత్రి జీపు డ్రైవరు మునెయ్య. దారి తెలియకపోయినా అతనితో నేనూ ఎక్కాను. అక్కడ కూర్చుని ఎదురుచూడటం నా వల్ల కాలేదు. రెండుంపావుకు పల్లె చేరాం. రత్నం ఇల్లు చర్చి వెనక ఉంది. వాకిట్లో ఒక అవ్వ చింతపండు గింజలు తీస్తోంది.

"నా కొడుకు ఈడ లేడు. సింతకాయలు రాల్చేదానికి కొండ మిందికి పోయినాడు. మొగోళ్ళంతా ఆడే ఉండారు, పొద్దుగూకినాంక వస్తారు" అంది.

మునెయ్య ఒకప్పుడు లారీ కింద పడి మోకాలు దెబ్బతిన్నవాడు. కొండవైపు చూసి తల వంచుకున్నాడు. దారి చెప్పమని అవ్వను అడిగాను.

"ఆ తెల్లబండ కనపడతాది సూడు. దానికి ఎడమచేతి పక్క కాలిబాట ఉండాది. నువ్వెక్కలేవు తల్లీ."

ఎక్కాను. జర్మనీలో మా బృందంలో ముసలాయన ఒకరు, ఎక్కేటప్పుడు మాట్లాడకు, చిన్న అడుగులు వెయ్యి, ఆగకు అని నేర్పారు. అలాగే ఎక్కాను. తుమ్మముళ్ళకు చీర రెండుచోట్ల చిరిగింది. గంటా ఐదు నిమిషాలకు కర్రలతో కొమ్మలు కొడుతున్న చప్పుడు వినబడింది. రత్నం అని గట్టిగా పిలిచాను. చెట్టు మీదనుంచి నలభై ఏళ్ళ మనిషి తొంగి చూశాడు. ఊపిరి కూడదీసుకుని సంగతి చెప్పాను.

"నా రగతం ఇచ్చి మూడేండ్లాయ. నా పేరు ఇంకా పెట్టుకోనుండారా?" అన్నాడు. వెంటనే, "ఆయమ్మ బతికుండాదా?"

"ఉంది. మనం పోవాలి."

ఇంకొక్క మాట అడగకుండా దిగాడు. కిందికి దిగేటప్పుడు నాకంటే అతనే వేగం. నేను జారినచోట ఆగి చెయ్యి ఇచ్చాడు.

"ఒంటిగా ఎట్లెక్కినావు మ్మా?"

"జర్మనీలో ప్రతి ఆదివారం కొండలెక్కేదాన్ని."

"కూలి బాగిస్తారా?"

"కూలి లేదు. ఊరికే."

రత్నం ఆగి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఊరికేనా!" అని, జీపు ఎక్కేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఐదింటికి ఆసుపత్రిలో ఉన్నాం. పరీక్ష చేశారు, రక్తం కలిసింది. ఆ తరువాత రెండు గంటలు వరండాలో బల్లమీద నేను, మునెయ్య, ఆ అమ్మాయి భర్త కూర్చున్నాం. రత్నం లోపల హార్లిక్సు తాగుతున్నాడు. ఏడున్నరకు సుగుణమ్మగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "ఆడపిల్ల. ఇద్దరూ బాగుండారు." భర్త గోడకు ఆనుకుని ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

చిత్తూరులో ఇంకా మూడు రోజులు ఉన్నాను. ఒక నర్సుకు ప్రోగ్రాము నేర్పాను. రెండు వేళ్ళతో కొట్టినా తప్పు పోనిచ్చేది కాదు. మదనపల్లెలోను, తిరుపతిలోను డాక్టరుగారి స్నేహితులు ఇద్దరు ఇలాంటిదే కావాలని కబురు చేశారు. తలకోనకు రోజులు మిగల్లేదు.

నాలుగో రోజు తిరుపతి బస్సులో, ఆ తరువాత మధ్యాహ్నం రైల్లో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. నగరి కొండలు దాటేవరకు నిద్ర రాలేదు. ఇన్నేళ్ళు ఎక్కిన ప్రతి కొండ గురించీ స్నేహితులకు ఉత్తరాలు రాశాను. పైనుంచి ఏమేమి కనబడ్డాయో పేజీలకు పేజీలు. చింతమాకులపల్లె కొండ ఎక్కదలచినవారికి మాత్రం చెప్పగలిగింది కొంచెమే. చిత్తూరు నుంచి జీపులో ముప్పావు గంట, తెల్లబండకు ఎడమపక్క బాట, నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. పైనుంచి ఏం కనబడుతుందో నాకు తెలియదు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.